తెడ్డు వెయ్యడం రాని గురువు

సియాటిల్ చుట్టుపక్కల ఉండే మనవాళ్ళకి మే నెల మొదటి శనివారం గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. ఆ రోజు మాంట్‌లేక్ కాలువకి రెండు గట్లూ మన తీర్థాల్లో లాగా జనంతో నిండిపోతాయి. వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వాళ్ళ విండర్‌మియర్ కప్ పడవ పందేలు ముందు, ఆ తర్వాత అలంకరించిన పడవల ఊరేగింపు. ఎండ కూడా కాసిందంటే (అది మన చేతిలో లేదనుకోండి) పిల్లాపాపలతో వెళ్ళి రావలసిన పండగే.

నేనీ ఊరొచ్చి పాతికేళ్ళు దాటింది. పులిహోర డబ్బాలూ దుప్పట్లూ పట్టుకుని ఆ గట్టుమీద చాలాసార్లు కూర్చున్నాను. కాలువ దాటి కాస్త ముందుకెళితే ఫుట్‌బాల్ స్టేడియం పక్కనే సరస్సు ఒడ్డున ఒక భవనం ఉంటుంది. దాని పేరు కానిబేర్ షెల్‌హౌస్. పందెపు పడవలు దాచుకునే చోటన్నమాట. ఎవరో డబ్బున్న మారాజు విరాళం ఇచ్చి ఉంటాడు, పేరు పెట్టి ఉంటారు అనుకున్నాను. అంతకుమించి ఎప్పుడూ ఆలోచించలేదు.

పోయినేడాది మా అమ్మాయి హైస్కూల్లో అడుగుపెట్టగానే రోయింగ్ క్లబ్బులో చేరతానంది. ఇంట్లో వారం రోజులు చర్చ నడిచింది. సంగీతం క్లాసు ఏమవుతుంది, లెక్కల పోటీలు ఏమవుతాయి, చలికాలంలో ఆ నీళ్ళలో పడితే ఏమవుతుంది! చివరికి అమ్మాయే గెలిచింది. దాంతో శనివారం తెల్లవారుజామున కారు నడపడం, అది పడవ దిగేదాకా ఫ్లాస్కులో కాఫీ తాగుతూ కూర్చోవడం నా డ్యూటీ అయ్యింది. ఆ ఖాళీ గంటల్లోనే ఈ కానిబేర్ ఎవరా అని చదవడం మొదలుపెట్టాను. చదువుతున్నకొద్దీ నాకు నా సంగతే గుర్తొచ్చింది. అందుకే ఈ వ్యాసం.

పడవ ఎక్కని కోచ్

హైరం కానిబేర్ 1871లో ఇల్లినాయ్ రాష్ట్రంలో మినరల్ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. సముద్రం దరిదాపుల్లో లేని పల్లెప్రాంతం అది. ఆయన వృత్తి ఆటగాళ్ళకి ట్రైనరుగా ఉండటం. అంటే బెణికితే పట్టీ కట్టడం, కండరాలు పిసకడం, ఏం తినాలో ఏం తినకూడదో చెప్పడం, కసరత్తు చేయించడం. సైకిల్ పందేల వాళ్ళ దగ్గర పనిచేశాడు, షికాగో విశ్వవిద్యాలయంలో పనిచేశాడు, మోంటానా విశ్వవిద్యాలయంలో ఫుట్‌బాల్ జట్టుకి కోచ్‌గా ఉన్నాడు. 1906లో షికాగో వైట్‌సాక్స్ జట్టు బేస్‌బాల్ వరల్డ్ సిరీస్ గెలిచినప్పుడు ఆ జట్టు ట్రైనర్ ఈయనే.

అక్కణ్ణించి వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి వచ్చాడు. ఫుట్‌బాల్ వాళ్ళనీ పరుగుపందేల వాళ్ళనీ చూసుకోవడానికి తీసుకున్న మనిషిని 1907లో పడవల జట్టుకి కోచ్‌గా ఉండమన్నారు. సరే అన్నాడు.

ఇక్కడే తిరకాసు. ఆయనకి తెడ్డు వెయ్యడం రాదు. పందెపు పడవ గురించి ఓనమాలు కూడా తెలియవు.

ఇది చదివినప్పుడు కారులో ఒక్కణ్ణే కూర్చుని నవ్వుకున్నాను. 1999లో నేను అమెరికా విమానం ఎక్కేనాటికి, నా రెజ్యూమేలో మూడేళ్ళ అనుభవం ఉన్నట్టు రాసి ఉన్న సాఫ్ట్‌వేర్‌తో నేను మూడు వారాలు కూడా గడపలేదు. అలా రాసింది నన్ను పంపిన కన్సల్టెన్సీ వాళ్ళు. కానీ వద్దని నేనూ అనలేదు. గెస్ట్‌హౌస్‌లో ఆరుగురం ఉండేవాళ్ళం, అందరిదీ దాదాపు ఇదే కథ. పగలు తల ఊపడం, రాత్రి పుస్తకం ముందేసుకుని కూర్చోవడం. మన తరంలో చాలామందికి ఈ అనుభవం ఉండే ఉంటుంది, పైకి చెప్పుకోకపోయినా!

కాబట్టి రాని పనికి ఒప్పుకున్నందుకు కానిబేర్‌ని తప్పుపట్టే అర్హత నాకు లేదు. ఒప్పుకున్నాక ఆయన ఏం చేశాడన్నదే నన్ను పట్టుకుంది.

అస్థిపంజరం చెప్పిన పాఠం

ముందు ఆట సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. పెద్ద పందేల పడవలో ఎనిమిదిమంది తెడ్లు వేస్తారు. పడవ పొడవు అరవై అడుగుల దాకా, వెడల్పు రెండడుగులు మాత్రమే. కూర్చునే పీట కిందున్న పట్టాలమీద ముందుకీ వెనక్కీ జారుతుంది. అందుకని బలం ప్రధానంగా కాళ్ళలోంచి వస్తుంది, చేతుల్లోంచి కాదు. ఎనిమిదిమందీ పడవ వెళ్ళే దిక్కుకి వీపు పెట్టి కూర్చుంటారు. ఎటు వెళుతున్నారో వాళ్ళకి కనబడదు. చుక్కాని పట్టుకుని ఎదురుగా కూర్చునే కాక్స్ ఒక్కరికే దారి కనబడేది. ఎనిమిది తెడ్లూ ఒకే క్షణంలో నీళ్ళలో మునగాలి, ఒకే క్షణంలో లేవాలి. ఒక్కరు తడబడినా పడవ మొత్తం కుదుపు తింటుంది.

ఆ రోజుల్లో తెడ్డు ఎలా వెయ్యాలన్నదానికి ఇంగ్లండు నుంచి వచ్చిన సంప్రదాయం ఉండేది. లాగడం పూర్తయ్యేసరికి నడుము బాగా వెనక్కి వాల్చాలి. చూడటానికి హుందాగా ఉంటుంది. మామూలు కోచ్ అయితే ఆ పద్ధతి నేర్చుకుని, దాన్నే కుర్రాళ్ళకి అప్పజెప్పేవాడు. కానిబేర్ ట్రైనరు కదా, ఆయనకి తెలిసింది ఒళ్ళు. ఏ ఎముక ఎటు వంగుతుంది, ఏ కండరం దేన్ని లాగుతుంది అన్నది. అందుకని తనకి తెలిసిన వైపు నుంచే మొదలుపెట్టాడు.

విశ్వవిద్యాలయం ప్రయోగశాల నుంచి ఒక మనిషి అస్థిపంజరాన్ని అడిగి తెచ్చుకున్నాడట. దాన్ని రోయింగ్ పీట మీద కూర్చోబెట్టి కట్టాడు. చేతి ఎముకలకి తీగతో ఒక చీపురుకర్రని బిగించాడు. విద్యార్థులు దాన్ని ముందుకీ వెనక్కీ కదుపుతుంటే, వెన్నెముక ఎక్కడ వంగుతోంది, మోకాలు ఎప్పుడు సాగుతోంది అని గంటలకొద్దీ చూస్తూ కూర్చున్నాడు. అంతగా వెనక్కి వాలడం వల్ల ఒంటికి శ్రమే తప్ప పడవకి పెద్ద లాభం లేదని ఆయనకి అనుమానం మొదలైంది.

అస్థిపంజరంతో ఆట నేర్చుకునే కోచ్‌ని చూసి ఎంతమంది నవ్వి ఉంటారో ఊహించుకోండి. నేనైతే తలుపు గడియ పెట్టుకుని చేసేవాణ్ణి. ఆయన తన శిష్యుల చేతే ఆ ఎముకల్ని కదిలించాడు. అంటే, తనకి రాదన్న సంగతిని వాళ్ళ కళ్ళముందే పెట్టాడు.

పన్నెండు పడవల ఆర్డరు

1912. కెనడాలో వాంకూవర్ ఊళ్ళో కోల్ హార్బర్ అనే చోట, నీళ్ళమీద తేలే ఒక పాకలాంటి షెడ్డులో ఇంగ్లండు నుంచి వచ్చిన ఇద్దరు అన్నదమ్ములు పడవలు చేసుకుని బతుకుతున్నారు. జార్జ్ పోకాక్, డిక్ పోకాక్. వాళ్ళ నాన్న ప్రసిద్ధమైన ఈటన్ పాఠశాలలో పడవలు చేసే వడ్రంగి. వీళ్ళు చిన్నప్పటి నుంచీ థేమ్స్ నది మీదే పెరిగారు.

ఒక గాలిరోజున ఎవరో ఒకాయన చిన్న పడవలో వీళ్ళ షెడ్డు వైపు వస్తూ కనిపించాడు. తెడ్లు ఒకటి ఇటు, ఒకటి అటు, ఒకసారి నీళ్ళలో, ఒకసారి గాల్లో. తాగి ఉన్నాడనుకున్నారట. కొక్కెంకర్రతో పడవని పట్టి దగ్గరికి లాగితే, ఆయన నవ్వుతూ చెయ్యి చాచి, తాను వాషింగ్టన్ విశ్వవిద్యాలయం రోయింగ్ కోచ్‌నని పరిచయం చేసుకున్నాడు. కోచ్ అయిన అయిదేళ్ళకి ఆయన తెడ్డు వేసే తీరు అదీ!

సియాటిల్ వచ్చి తన జట్టుకి పడవలు చేసిపెట్టమని అడిగాడు. ఎనిమిదిమంది పట్టే పెద్దవి పన్నెండు దాకా కావాలన్నాడు. అన్నదమ్ములకి నోట మాట రాలేదు. అంత పెద్ద ఆర్డరు వాళ్ళు కలలో కూడా చూడలేదు. ఇంగ్లండులో ఉన్న నాన్నకి ఉత్తరం రాసి, వచ్చి సాయం చెయ్యమన్నారు. తీరా కొన్నాళ్ళకి కానిబేర్ దగ్గర్నుంచి ఇంకో ఉత్తరం వచ్చింది. లెక్క చూసుకుంటే ఉన్న డబ్బు ఒక్క పడవకే సరిపోతుందని!

ఈ ఒక్క విషయంలో మాత్రం ఆయన్ని నేను వెనకేసుకు రాను. చేతిలో లేని డబ్బుతో మాట ఇవ్వడం తప్పే. ఉత్సాహం ఎక్కువైన మనుషులతో వచ్చే చిక్కు ఇదే, వాళ్ళ లెక్కల భారం పక్కవాళ్ళు మొయ్యాలి. అయినా పోకాక్ అన్నదమ్ములు సియాటిల్ వచ్చేశారు. 1909లో విశ్వవిద్యాలయం ఆవరణలో జరిగిన అలాస్కా–యూకాన్–పసిఫిక్ ప్రదర్శన తాలూకు భవనాలు కొన్ని ఇంకా మిగిలి ఉన్నాయి. వాటిలో టోక్యో టీహౌస్ అనేదాన్ని వాళ్ళకి కార్ఖానాగా ఇచ్చారు. జపాను టీ దుకాణంలో ఇంగ్లండు వడ్రంగులు అమెరికా పడవలు చెయ్యడం మొదలుపెట్టారు.

పొట్టకూటి తెడ్డు

అసలు విషయం పడవలు కాదు. జార్జ్ పోకాక్ చెయ్యి తిరిగిన వడ్రంగి మాత్రమే కాదు, చక్కగా తెడ్డు వేసేవాడు కూడా. థేమ్స్ నదిలో జనాన్ని అటూ ఇటూ దాటించి బతికే పడవవాళ్ళని చూసి నేర్చుకున్నవాడు. కాలేజీ కుర్రాళ్ళు పందెం ఉన్న ఇరవై నిమిషాలు ఒళ్ళు హూనం చేసుకుంటే సరిపోతుంది. నదిమీద బతికేవాడు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా తెడ్డు వెయ్యాలి. మర్నాడు మళ్ళీ వెయ్యాలి. వాడికి హుందాతనంతో పని లేదు. తక్కువ శ్రమతో పడవ ఎక్కువ దూరం పోవాలి, అంతే.

ఇది చదివినప్పుడు నాకు మా ఊరి రేవు గుర్తొచ్చింది. మాది గోదావరి మధ్య లంక. హైస్కూలుకి రోజూ పడవ దాటి వెళ్ళేవాణ్ణి. పడవ నడిపే పెద్దాయన ఎండిన కట్టెలా ఉండేవాడు. రోజుకి ఎన్నిసార్లు దాటించేవాడో తెలియదు గానీ ఆయన రొప్పగా నేనెప్పుడూ చూడలేదు. మేం కుర్రాళ్ళం సరదాకి తెడ్డు తీసుకుంటే పది నిమిషాల్లో భుజాలు పట్టేసేవి. ఆయన నవ్వి, తెడ్డు తీసుకుని, ఒంటిని ఓ పిసరు మాత్రం కదిపేవాడు. పడవ జారుకుంటూ వెళ్ళిపోయేది. ఆయన దగ్గర నేర్చుకోవాల్సింది ఏదైనా ఉందని మాకెవరికీ తోచలేదు. చదువుకుని పైకి రావాల్సిన వాళ్ళం కదా!

కానిబేర్‌కి తోచింది. విశ్వవిద్యాలయం కోచ్ అయ్యుండి, తను పిలిపించుకున్న వడ్రంగిని పక్కన కూర్చోబెట్టుకుని, మా వాళ్ళు చేసే తప్పేమిటో చెప్పమన్నాడు. పోకాక్ ఉన్నదున్నట్టు చెప్పాడు. ఈయన విన్నాడు. విని మార్చాడు.

అలా కొన్నేళ్ళలో ఒక పద్ధతి తయారైంది. నడుము వెనక్కి వాల్చడం తక్కువ. తెడ్డు నీటిని చప్పున అందుకోవాలి. బలం మధ్యలో, కాళ్ళతో. పైకి తీసేటప్పుడు పడవకి కుదుపు రాకూడదు. లోకం దాన్ని కానిబేర్ స్ట్రోక్ అని పిలిచింది. ఆ పేరులో పోకాక్ వాటా చాలా ఉంది, అస్థిపంజరాన్ని కదిపిన విద్యార్థుల వాటా కూడా కొంత ఉంది.

హడ్సన్ నది దాకా

ఆ కాలంలో కాలేజీ రోయింగ్ అంటే తూర్పుతీరం వాళ్ళ సొత్తు. న్యూయార్క్ రాష్ట్రంలో పొకిప్సీ దగ్గర హడ్సన్ నదిమీద ఏటా పెద్ద పందేలు జరిగేవి. ప్రధాన పందెం దూరం నాలుగు మైళ్ళు. పడమటి వాళ్ళంటే అడవుల్లో చెట్లు కొట్టుకునే వాళ్ళనే చిన్నచూపు ఉండేది. 1913లో సియాటిల్ పౌరులు చందాలు వేసుకుని కానిబేర్ జట్టుని రైలెక్కించి పంపారు. సిరక్యూస్ మొదటి స్థానం, కార్నెల్ రెండో స్థానం. మూడో స్థానం వాషింగ్టన్‌ది! ఎవరూ లెక్కలోకి తీసుకోని జట్టు మూడో స్థానంలో రావడం పెద్ద వార్త అయ్యింది.

ఇంకో సంగతి మా అమ్మాయి కోసం ప్రత్యేకంగా గుర్తుపెట్టుకున్నాను. ఆ రోజుల్లోనే వాషింగ్టన్‌లో అమ్మాయిలు కూడా పడవలెక్కారు. పోకాక్ అన్నదమ్ముల సోదరి లూసీ వాళ్ళకి తెడ్డు వెయ్యడం నేర్పింది. ఆ తర్వాత చాలాకాలం ఆ అవకాశం ఆగిపోయి, 1970ల్లో మళ్ళీ పూర్తిస్థాయి జట్టుగా నిలబడింది.

బోయింగ్‌లో పనిచేసే మన మిత్రులకి ఒక కొసరు ముక్క. విలియం బోయింగ్ నీటిమీద దిగే విమానాలు మొదలుపెట్టినప్పుడు వాటి అడుగున ఉండే తేలుడు దోనెలు చెయ్యడానికి పనివాళ్ళు కావాల్సి వచ్చింది. పోకాక్ అన్నదమ్ముల పనితనం చూసి వాళ్ళనే పెట్టుకున్నాడు. జార్జ్ 1922 దాకా అక్కడ పనిచేసి, మళ్ళీ పందెపు పడవలకే తిరిగొచ్చాడు. ఆ తర్వాతి దశాబ్దాల్లో అమెరికా కాలేజీల్లో చాలాభాగం ఆయన చేసిన పడవల్లోనే పందేలు వేశాయి.

రేగు అంత పండు కోసం

1917లో అమెరికా మొదటి ప్రపంచయుద్ధంలో దిగింది. కాలేజీ పందేలు ఆగిపోయాయి. ఆ సెప్టెంబరులో కానిబేర్ తన ఇంటి పెరట్లో ప్లమ్ చెట్టెక్కాడు, పళ్ళు కోద్దామని. పట్టు తప్పి కిందపడ్డాడు. మెడ విరిగి ప్రాణం పోయింది. వయసు 46.

కోచ్‌గా ఉన్నది పదేళ్ళు. పొకిప్సీలో మొదటి స్థానం ఆయన కళ్ళతో చూడలేదు. ఒలింపిక్స్ మాట సరేసరి. అక్కడికి ఆయన కథ ముగిసిపోయి ఉంటే మూడో స్థానం తెచ్చిన కోచ్‌గా ఒక వాక్యంలో సరిపోయేది. నిజానికి అక్కడే మొదలైంది.

ఆయన దగ్గర తెడ్డు పట్టిన ఎడ్ లీడర్ వాషింగ్టన్ కోచ్ అయ్యి, తర్వాత తూర్పుతీరంలోని యేల్‌కి వెళ్ళాడు. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో ఎనిమిదిమంది పడవ పందెంలో స్వర్ణం యేల్ జట్టుది. ఆయన దగ్గర కాక్స్‌గా కూర్చున్న కై ఈబ్రైట్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం కోచ్ అయ్యాడు. 1928 ఆమ్‌స్టర్‌డామ్, 1932 లాస్ ఏంజెలెస్, రెండూ కాలిఫోర్నియావే. ఇంకో శిష్యుడు రస్టీ కాలో 1923లో వాషింగ్టన్ జట్టుని పొకిప్సీలో మొదటిసారి గెలిపించాడు, గురువు పోయిన ఆరేళ్ళకి. ఆ కాలో తయారుచేసిన అల్ అల్‌బ్రిక్‌సన్ వాషింగ్టన్ కోచ్‌గా ఉండగా 1936 బెర్లిన్ ఒలింపిక్స్ జరిగాయి.

ఆ కథ చాలామందికి తెలిసే ఉంటుంది. 2013లో డేనియల్ జేమ్స్ బ్రౌన్ రాసిన ద బాయ్స్ ఇన్ ద బోట్ పుస్తకం, దానిమీద 2023లో వచ్చిన సినిమా దాని గురించే. ఆర్థికమాంద్యం రోజుల్లో కష్టాలుపడ్డ కుర్రాళ్ళు, పోకాక్ చేసిన పడవలో, హిట్లర్ చూస్తుండగా, ఇటలీని 0.6 సెకన్ల తేడాతో ఓడించారు. జర్మనీది మూడో స్థానం. హస్కీ క్లిప్పర్ అనే ఆ పడవ ఇప్పుడు కానిబేర్ షెల్‌హౌస్ భోజనశాలలో పైకప్పు నుంచి వేలాడుతోంది.

రెండో ప్రపంచయుద్ధం వల్ల రెండు ఒలింపిక్స్ జరగలేదు. తర్వాత 1948 లండన్‌లో మళ్ళీ ఈబ్రైట్ తాలూకు కాలిఫోర్నియా. 1952 హెల్సింకీలో రస్టీ కాలో శిక్షణ ఇచ్చిన నేవల్ అకాడమీ జట్టు. వేళ్ళమీద లెక్కపెట్టి చూడండి. 1924 నుంచి 1952 దాకా జరిగిన ఆరు ఒలింపిక్స్‌లోనూ ఈ పందెం స్వర్ణం కానిబేర్ శిష్యులవో, శిష్యుల శిష్యులవో! హార్వర్డ్‌కి, కార్నెల్‌కి కూడా వాషింగ్టన్‌లో తయారైన వాళ్ళే కోచ్‌లుగా వెళ్ళారు. తనని చిన్నచూపు చూసిన తూర్పుతీరానికి ఆయన పరంపరే గురుపీఠమైంది.

1949లో విశ్వవిద్యాలయం వాళ్ళు కొత్త పడవల భవనం కట్టి ఆయన పేరు పెట్టారు. విరాళం ఇచ్చిన మారాజు అనుకున్నానే, ఆ పేరు వెనక సంగతి ఇదన్నమాట.

తెలియదు అనే మాట

ఇంత పెద్ద శిష్యపరంపర ఎలా వచ్చింది? ఆయన కంటే బాగా తెడ్డు వెయ్యడం తెలిసిన కోచ్‌లు ఆ రోజుల్లో అమెరికాలో బోలెడుమంది ఉన్నారు. అన్నీ వచ్చిన గురువు దగ్గర శిష్యుడు ఆయన చెప్పింది నేర్చుకుంటాడు. కానిబేర్ దగ్గర కుర్రాళ్ళు ఒక మనిషి ఎలా నేర్చుకుంటాడో దగ్గరుండి చూశారు. ప్రశ్న ఎలా వెయ్యాలి, ఎవర్ని అడగాలి, తప్పని తేలితే ఎలా మార్చుకోవాలి. పరాయి ఊరు వెళ్ళి కొత్త జట్టుని తయారుచేయడానికి పనికొచ్చే చదువు అది. నాకు తోచిన కారణం ఇదీ.

ఇక నా సంగతి. రెజ్యూమే రోజులు గడిచిపోయాయి. రాత్రిళ్ళు కూర్చుని పని నేర్చుకున్నాను, గ్రీన్‌కార్డు వచ్చింది, ఒక టీమ్‌కి లీడ్ అయ్యాను. కానీ తెలిసినట్టు తల ఊపే అలవాటు మాత్రం పోలేదు. అప్పటికి ఆ అవసరం లేదు, అయినా పోలేదు. ఒకసారి నేను వేసిన డిజైన్‌లో ఒకే ఖాతామీద రెండు లావాదేవీలు ఒకే క్షణంలో వస్తే లెక్క తప్పుతుందని, కాలేజీ నుంచి కొత్తగా వచ్చిన కుర్రాడొకడు మీటింగ్‌లో అన్నాడు. నాకా మాట సరిగ్గా అర్థం కాలేదు. అర్థం కాలేదని చెప్పడానికి నోరు రాలేదు. అలాంటివన్నీ నేను చూసుకున్నానులే అని గట్టిగా చెప్పి నోరు మూయించాను. నలుగురూ నవ్వారు.

విడుదలైన రెండో వారంలో, అర్ధరాత్రి, సరిగ్గా అదే జరిగింది. తెల్లవారేదాకా కూర్చుని దాన్ని బాగుచేసింది ఆ కుర్రాడే. పొద్దున్న నేను వాడికి థాంక్స్ చెప్పాను గానీ, నువ్వు ముందే చెప్పావు, నేను వినలేదు అన్న మాట మాత్రం అనలేదు. ఆరునెలల్లో వేరే టీమ్‌కి వెళ్ళిపోయాడు. ఎవరికీ నామీద ఫిర్యాదు చెయ్యలేదు. చేసి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఇద్దరం రాని పనికే సరే అన్నాం, కానిబేరూ నేనూ. ఆయన రాదన్న సంగతిని బల్లమీద పెట్టి దానిచుట్టూ శిష్యుల్ని కూర్చోబెట్టాడు. నేను దాన్ని సొరుగులో పెట్టి తాళం వేశాను. నా దగ్గర పనిచేసిన వాళ్ళలో నేను తయారుచేశానని చెప్పుకోదగ్గవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని ఆలోచిస్తే, వెంటనే ఒక పేరు చెప్పలేకపోయాను. మనలో చాలామంది ఇప్పుడు పదిమందికి పని చెప్పే స్థానంలో ఉన్నాం కాబట్టి ఇదంతా రాస్తున్నాను.

మొన్నో శనివారం మా అమ్మాయి మొహం మాడ్చుకుని కారెక్కింది. తెడ్డు నీళ్ళలో ఇరుక్కుపోతోందట, దాన్ని క్రాబ్ పట్టడం అంటారట. ఎందుకలా అవుతోంది నాన్నా అని అడిగింది. మామూలుగా అయితే ప్రాక్టీసు చాలక, ఏకాగ్రత లేక అంటూ ఏదో ఒకటి చెప్పేసేవాణ్ణి. నాకు తెలియదమ్మా, ఇంటికెళ్ళాక నాకు చూపించు అన్నాను. అది ఒక్క క్షణం నా వంక వింతగా చూసింది.

ఇంటికెళ్ళాక హాల్లో కార్పెట్ మీద నన్ను కూర్చోబెట్టి, మోకాళ్ళు మడిపించి, చేతికి చీపురుకర్ర ఇచ్చింది. భుజాలు పట్టుకుని ముందుకి వంచుతుంది, మణికట్టు తిప్పుతుంది, ఇక్కడే లేట్ అవుతున్నానేమో అని తనలో తనే అనుకుంటుంది, మళ్ళీ మొదటి నుంచి. వంటింట్లోంచి వచ్చిన మా ఆవిడ ఈ అవతారం చూసి నవ్వలేక చచ్చింది. నడుము పట్టేసిందనుకోండి, అది వేరే విషయం. యాభై దాటిన అస్థిపంజరం కదా!

ఈసారి మే నెలలో మాంట్‌లేక్ గట్టుకి వస్తే, ఆ భవనం మీది పేరు ఒకసారి మీ పిల్లలకి చూపించండి. ఆయనెవరని అడిగితే చెప్పడానికి మీ దగ్గర ఇప్పుడో కథ ఉంది. పులిహోర మేం తెస్తాం.